కడచూపు

చింపాంజీల గుంపులో ముసలిది, పెద్దమ్మ, తెల్లారేసరికి చచ్చిపోయి ఉంది.

జబ్బు చేసిందని నాలుగు రోజులుగా దాన్ని వేరే గదిలో ఉంచారు. సందర్శకుల కంట పడకుండా జూ డాక్టరు శవాన్ని దొడ్డిదారిన తీయించేశాడు.

"సార్, దాని కూతురికి ఒక్కసారి చూపించండి," అంది బోనులు ఊడ్చే మనిషి. పనిలో చేరి నెల కాలేదు, పేరు కూడా ఎవరికీ తెలీదు.

"కోతులకి కడచూపు కూడానా?" నవ్వాడు డాక్టరు. "ఇంకా నయం, పేపర్లో ప్రకటన వేయించమన్లేదు!"

పక్కనున్న వాళ్ళూ నవ్వారు. డాక్టరు నవ్వితే నవ్వాలి కదా మరి.

"చూడకపోతే, వస్తుందనే అనుకుంటుంది సార్."

"నీ పని ఊడవడం. నాకు పాఠాలు చెప్పకు."

మధ్యాహ్నం గొయ్యి దగ్గరికీ వచ్చింది ఆమె. శవం ఉన్న తోపుడుబండి పట్టుకుని వదల్లేదు. డాక్టరుకి ఒళ్ళు మండింది. కాంట్రాక్టరుకి ఫోన్ చేసి, రేపట్నుంచి ఈమెను పంపొద్దన్నాడు.

శవం మీద సున్నం పోసి పూడ్చేశారు.

పెద్దమ్మ కూతురి పేరు గడుగ్గాయి. ఆ రోజునుంచీ అది పండు ముట్టలేదు. తల్లిని తీసుకెళ్ళిన దొడ్డి తలుపు దగ్గరే కూర్చుంది. తలుపు కిర్రుమన్నప్పుడల్లా లేచి నిలబడేది. గీకి గీకి గోళ్ళలోంచి రక్తం కారింది.

డాక్టరు కంగారుపడ్డాడు. ముప్పై ఏళ్ళుగా చింపాంజీలతో గడిపిన పెద్దాయనకి ఫోన్ చేశాడు.

"శవాన్ని చూపించారా?" ఆయన అడిగిన మొదటి మాట అదే.

"లేదండీ."

"అయ్యో! తాకుతాయయ్యా అవి. ఒళ్ళు నిమురుతాయి, నోట్లో వేలు పెట్టి చూస్తాయి. ఇక లేవదని తేల్చుకుని వాటంతటవే వదిలేస్తాయి."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"పూడ్చేశాక ఇంకేం చేస్తావ్?"

పదో రోజు గడుగ్గాయి ఆ తలుపు దగ్గరే ప్రాణం విడిచింది.

ఈసారి డాక్టరు శవాన్ని ఎవర్నీ ముట్టనివ్వలేదు. గదుల తలుపులన్నీ తీయించాడు. గుంపంతా వచ్చి చుట్టూ కూర్చుంది. సాయంత్రానికి ఒక్కొక్కటే లేచి వెళ్ళి పళ్ళు తిన్నాయి.

డాక్టరు సిగ్గుతో కుంచించుకుపోయాడు. మర్నాడు కాంట్రాక్టరుని పిలిపించాడు.

"ఆ ఊడ్చే ఆమె ఇల్లెక్కడ? నేనే వెళ్ళి పిలుచుకొస్తాను."

"ఇంటి దగ్గర దొరకదు సార్. ఐదింటికి మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గరుంటుంది."

"అక్కడ పనికి కుదిరిందా?"

"పని కాదు సార్. పదకొండేళ్ళ కింద లోపల పేలుడులో ఆమె మొగుడు పోతే, చూడలేవులే అని శవాన్ని చూపించకుండానే పూడ్చేశారు. షిఫ్టు వదిలే టైముకి ఆయనొస్తాడేమోనని ఇవాళ్టికీ వెళ్ళి నిలబడుతుంది."