విమలమ్మ కూతురి జాకెట్టు

గుడ్డ మడతైనా విప్పకుండా, "అయిపోయిందమ్మా, హుక్కులొక్కటే మిగిలాయి" అంటూ ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చాడు తెనాలి టైలరు మస్తాన్‌వలి. ఇప్పుడా పప్పులు ఉడకడం లేదు. పనుల వాయిదా మాన్పించే ఏఐ కోచ్ చెవిలో లేనిదే ఎవరూ కొట్టు తెరవకూడదని కొత్త రూలొచ్చింది.

పొద్దున్నే విమలమ్మ కూతురి నిశ్చితార్థం జాకెట్టుగుడ్డ ముందేసుకుని కత్తెర పట్టాడు.

"ఆగండి, మీ గుండె దడదడలాడుతోంది," అంది కోచ్ గొంతు. "వాయిదాకి మూలం భయమే. అన్నిటికంటే తేలికైన పనితో మొదలుపెట్టండి."

"ముందు గుడ్డ కత్తిరించాలి తల్లీ!"

"తేలికైనదేది?"

"హుక్కులు," అన్నాడు పళ్లు నూరుతూ.

"భేష్! అవే కానివ్వండి."

విడి పట్టీ మీద హుక్కు కుట్టినప్పుడల్లా చెవిలో చప్పట్లు. కత్తెర ముట్టుకుంటే చాలు, "ఊపిరి గట్టిగా పీల్చండి." ఆ ఊపులోనే బల్ల కింద మూటలో మూలుగుతున్న నలభై జాకెట్ల హుక్కులూ కుట్టించింది కోచ్.

మూడింటికి విమలమ్మ వచ్చిపడింది. "ఏం మస్తానూ, ఇంకా హుక్కులే మిగిలాయంటావా? ఆరింటికి ముహూర్తం!"

మస్తాన్‌వలికి ఏడుపొక్కటే తక్కువ. జీవితంలో మొదటిసారి గిరాకీకి నిజం చెప్పాడు.

"హుక్కులైపోయాయమ్మా. జాకెట్టొక్కటే మిగిలింది."