ఐసు బండిలో పెళ్ళికూతురు

"పెళ్ళా? ఐసు మోసేవాడితోనా?"

ప్రెస్కాట్ థార్న్‌బెరీ చేతిలో కప్పు పక్కకి ఒరిగింది. సగం కాఫీ కుక్కపిల్ల మీద ఒలికింది.

"అవును, కార్మైన్‌తోనే," అంది లవీనియా, రొట్టె ముక్కకు వెన్న రాసుకుంటూ.

"అక్కడ బ్యాంకు ఛైర్మన్ నీకోసం పడిగాపులు పడుతున్నాడు!"

"ఆయన నోరు విప్పితే నాకు నిద్రొస్తుంది. మొన్న విందులో సూప్ గిన్నెలోకి తూలబోయాను."

1936లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రం మొత్తం గాలించినా తమ ఇంటిని మించిన ఇల్లు లేదని ప్రెస్కాట్ నమ్మకం. అలాంటి ఇంటి వెనక గుమ్మంలోంచి కార్మైన్ రోజూ ఐసు దిమ్మలు మోసుకొచ్చేవాడు. ఆ రాకపోకలు ఆపాలని ప్రెస్కాట్ కొత్తగా ఫ్రిజ్ కొన్నాడు. లవీనియా అందులో తన టోపీలు సర్దుకుని, ఐసు మళ్ళీ తెప్పించుకుంది.

"నేనుండగా ఈ పెళ్ళి జరగదు!"

ప్రెస్కాట్ ఆమెను గదిలోకి పంపి తాళం వేశాడు. కిటికీ సంగతి మరిచిపోయాడు.

కిటికీ ఏమంత ఎత్తు కాదు. అయినా లవీనియా అందులో ఇరుక్కుపోయింది. బయటినుంచి లాగబోయిన కార్మైన్‌కు నడుము పట్టేసింది.

"ఐసు మోసీ మోసీ ఇలా అయింది," అని మూలిగాడు.

"నన్ను మొయ్యక్కర్లేదు. లాగు, చాలు!"

కుక్కపిల్ల మొరిగింది. ఇల్లంతా పరిగెత్తుకొచ్చింది. అప్పటికే ఐసు బండి గేటు దాటింది. దాని వెనకే ప్రెస్కాట్ నల్ల కారు బయల్దేరింది.

ఇంజను రొదలో మాట వినిపించి చావడం లేదు.

"వెనక కారు!" అరిచింది లవీనియా.

"ఏంటీ?"

"కారూ!"

"షికారా? పెళ్ళయ్యాక వెళ్దాంలే!"

ఇక లాభం లేదని లవీనియా వెనక తలుపు గడియకు కట్టిన తాడు గట్టిగా లాగింది. ఐసు దిమ్మలు ఒకదాని వెనక ఒకటి రోడ్డు మీదికి జారాయి. కారు వాటి మీద గిర్రున తిరిగి, పక్కనున్న బాతుల చెరువులో పడింది.

కార్మైన్ బండి ఆపాడు.

"ఆపకు! ఈదుకుంటూ వస్తాడులే!"

"బాబుగారు ఈదడం లేదు. మునుగుతున్నారు."

బండి వెనక్కి తిప్పాడు. ఐసు పట్టకారుతో ప్రెస్కాట్ కాలరు పట్టుకుని ఒడ్డుకు లాగాడు. నాచుతో పాటు ఒక బాతు కూడా వచ్చింది. అది ప్రెస్కాట్ తల దిగనంది.

"నన్నెందుకు లాగావు?" అన్నాడు ప్రెస్కాట్ నీళ్ళు కక్కుతూ. "మీ దారిన మీరు పోవచ్చుగా?"

"మీరు లేకుండా పెళ్ళయితే ఆవిడ ఏడుస్తుంది, బాబుగారూ. పైకి చెప్పదంతే."

"నేనేం ఏడవను," అంది లవీనియా, ముక్కు చీదుకుంటూ.

ప్రెస్కాట్ తన తడి రుమాలు తీసి ఆమెకిచ్చాడు. ముందు సీట్లో చోటు లేదు. వెనకెక్కి, మిగిలిన ఒకే ఒక్క ఐసు దిమ్మ మీద కూర్చున్నాడు. రాష్ట్రం సరిహద్దు దాటేదాకా గజగజ వణుకుతూనే ఉన్నాడు.

అవతలి ఊళ్ళో మేజిస్ట్రేటు గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్నాడు. విషయం విని కత్తెర పక్కన పెట్టాడు.

"పెళ్ళి చేస్తాను గానీ, సాక్షి ఎవరు?"

"నేనున్నాను," అన్నాడు ప్రెస్కాట్. పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి.

మేజిస్ట్రేటు ఆ తడిసిన మనిషిని ఎగాదిగా చూశాడు.

"పెళ్ళికూతురికి తమరేమవుతారు?"

ప్రెస్కాట్ టై పిండుకుని, మెడ నిటారుగా నిలిపి చెప్పాడు: "మనవణ్ణి."