మేడ మీది రాజ్యాంగం

మేడ మీద పంచాయితీ పెట్టి ఆ ఉక్రెయిన్ ఆమెను వెళ్లగొడుతున్నారని రెండో అంతస్తు రజియా బేగం కింద కిరాణా కొట్లో చెప్పిందట. పంచాయితీ మాట నిజమే. వెళ్లగొట్టడమే అబద్ధం.

"అందరం ఒక్క ఇంట్ల ఉండాల్నంటే పెద్దగా నువ్వే ఉండాలె దయారత్నం అన్నా!" సూట్‌కేసు మీద కూర్చున్న జగిత్యాల మణి పట్టు వదలడంలేదు. "నువ్వు కాదంటే ఎవని దారి వాడు చూస్కునుడే. మేమంటే ఏ లేబర్ క్యాంపులనో పడుంటం. హలీనా మేడమ్ యాడికి వోతది?"

"నావల్ల కాదురా. పెత్తనం చేతికొచ్చిందంటే మనిషి గొంతే మారిపోద్ది. పాత ఇంట్లో పెద్దని మనం చూళ్లేదేంటి?" అన్నాడు దయారత్నం. ఆయనది అమలాపురం దగ్గర పల్లె. బర్ దుబాయ్‌లో ఏసీలు బాగుచేస్తాడు.

ఆయన భార్య మరియకుమారి ఓ క్లినిక్‌లో నర్సు. ఆ క్లినిక్‌లోనే రిసెప్షన్‌లో కూర్చునే హలీనా, యుద్ధానికి ముందు తన ఊళ్లో చరిత్ర టీచరు. సంగతి అర్థమయ్యాక ఆమె ఇంగ్లీషులో ఏదో చెప్పుకొచ్చింది. మరియకుమారి దాన్ని తెలుగులోకి తిప్పింది.

"వాళ్ల దేశంలో కొసాక్కులని గుర్రాల మీద తిరిగే యోధులు ఉండేవారంట. పదిహేడొందల పదిలో, దేశం రష్యా చక్రవర్తి చేతిలో ఉంటే, వీళ్లు పరాయి గడ్డ మీద కూర్చుని ఓర్లిక్ అనే ఆయన్ని నాయకుడిగా ఎన్నుకున్నారంట. ఆయన షరతులు రాసుకుని మరీ ఒప్పుకున్నాడంట. సభ కూర్చోకుండా పెద్ద పనేదీ చెయ్యనని, తనకెవడైనా ఎదురు తిరిగినా తాను శిక్ష వెయ్యకుండా న్యాయస్థానానికే వదిలేస్తానని."

మణి పకపకా నవ్వాడు. "రాజ్యమే లేదు, రాజు మెడకు పగ్గమా!"

దయారత్నం నవ్వలేదు. "అలాగైతే ఉంటాను. రాయండి. నా ఇష్టానికి ఎవర్నీ బయటికి పంపకూడదు."

"వంటింట్లో నీ మాట చెల్లదు," ఫోన్‌లో టైపు చేస్తూ అంది మరియకుమారి.

"అది పెళ్లినాడే ఒప్పుకున్నాను కదే!"

"సభ ఏడాదికి మూడుసార్లు. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి, అక్టోబరులో మరియమ్మ పండక్కి. వాళ్లూ అలాగే పెట్టుకున్నారంట."

"అక్టోబర్ల మా దసరా ఉంటది. దసరా అని రాయి వదినా!"

"రెండూ రాస్తాను, ఆగు."

హలీనా దయారత్నం చేతిని రెండు చేతులా పట్టుకుంది. "థాంక్స్ అన్నా," అంది వచ్చీరాని తెలుగులో. కళ్లు తడిశాయి.

"మాకు బుద్ధి చెప్పావు తల్లీ, నీకే దండం పెట్టాలి."

మరియకుమారి కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఈ మనుషుల్ని ఇచ్చినందుకు స్తోత్రం." మణి కూడా చేతులు జోడించాడు.

వాచ్‌మన్ ఆసిమ్ మెట్లెక్కి వచ్చాడు. "మీటింగ్ ఖలాస్?"

"ఖలాస్ భాయ్! మేడ తాళం ఇచ్చినవ్, నీ మేలు మర్చిపోం," మణి ఉబ్బిపోతూ ఫోన్ చూపించాడు. "జర దీన్ని ప్రింట్ తీయించి మన తలుపుకి అతికియ్యరాదూ!"

ఆసిమ్ గోడకానుకుని నలుగురినీ చూశాడు.

"అతికిస్తాలే గానీ, ముందు మీకో ఇల్లు దొరకనీ."