దిక్కులేని ఆత్మల పూజ

“ఊరు మొత్తం తగలబెట్టి, తర్వాత గుళ్ళో నిలబడి దేవుడికి కృతజ్ఞతా గీతం పాడారంట మీవాళ్ళు. అది కూడా చదువు, దాటేయకు,” అంది మధుమిత తన మంచం మీద నుంచి.

“చదువుతాలేవే,” అంది లూర్దు మేరి లాప్‌టాప్ నుంచి తలెత్తకుండా. “రేపు క్లాసులో నీ భాగం కూడా నేనే చెప్పాలిగా.”

కెనడాలోని విన్నిపెగ్‌లో సరోజన గారింటి బేస్‌మెంట్ గది అది. లూర్దుది ఫిరంగిపురం, తరతరాల క్యాథలిక్ కుటుంబం. మధుమితది రేపల్లె, లూథరన్ చర్చి. కాలేజీలో చేరి గది తీసుకున్న రోజే ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు, ఒకరి ప్రార్థనలో ఒకరు వేలు పెట్టకూడదని. ఆ సంగతి తెలియని హిస్టరీ ప్రొఫెసర్, నాలుగు వందల ఏళ్ల కిందట జర్మనీలో క్యాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ముప్పై ఏళ్లు నరుక్కున్న యుద్ధాన్ని ఇద్దరికీ కలిపి ఇచ్చాడు.

“మాగ్డెబర్గ్‌లో ఇరవై వేలమంది పోయారు మధూ. అందరూ మీవాళ్ళే.” లూర్దు గొంతు తగ్గింది. “చంపినవాళ్ళకేమో చచ్చినవాళ్ళ కోసం ప్రార్థించే అలవాటుంది. చచ్చినవాళ్ళ మతంలో అది లేదు. మరి వాళ్ళకోసం ఎవరు ప్రార్థించినట్టు?”

“అక్కర్లేదు. మావాళ్ళు నేరుగా ప్రభువు దగ్గరికే. మీకే మధ్యలో వీసా ప్రాసెసింగ్.”

“ఉత్తరించు స్థలం అంటారు దాన్ని. ఆత్మ శుద్ధి అయిందాకా ఆగే చోటు.”

“అదే. స్టేటస్ పెండింగ్.”

లూర్దుకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు నిండాయి. ఆ రోజు ఆత్మల పండుగ. ఈ పండక్కి వాళ్ళ ఊళ్ళో సమాధుల తోట అంతా కొవ్వొత్తులే. ఇక్కడ కిటికీ సగానికి మంచు కప్పేసింది. మిగిలిన సగంలో వెలుతురు నీలంగా మారి తగ్గిపోతోంది.

“ఆరింటికి చర్చిలో పూజ ఉంది. ఫాదర్ గారు చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. నేనో పేరిద్దామనుకుంటున్నా,” అంది.

“ఎవరిది?”

“దిక్కులేని ఆత్మది. సొంతవాళ్ళెవరూ ప్రార్థన చేయని ఆత్మది.”

“మన ఒప్పందం ఏమైంది?”

“అందుకే అడుగుతున్నా. నువ్వు ఊఁ అనకుండా పోలేను.”

“అనను. మా అమ్మకి తెలిస్తే, నా కూతుర్ని ఆర్.సి.ఎం. క్యాథలిక్కుల్లో కలిపేసుకున్నారని ఏడుస్తది.”

మెట్ల మీద నుంచి సరోజన గారి గొంతు వినిపించింది. “లూర్దూ, పైకొచ్చి రెండు ముద్దలు తినమ్మా. నేనిప్పుడే కార్తీక దీపం పెట్టాను. నువ్వూ పెట్టుకుంటానన్నావుగా, పెట్టుకో. స్మోక్ అలారం కింద మాత్రం వద్దు.”

“వస్తున్నా ఆంటీ.”

అడుగుల చప్పుడు పైకి వెళ్ళిపోయింది.

“ఆవిడ దీపం పెట్టడానికి ఎవర్నీ అడగలేదు చూశావా?” అంది లూర్దు. “మనం కట్టిన గోడలు దేవుడికి కనపడతాయంటావా మధూ?”

“నాకు తెలీదు. మా పాస్టర్ గారు చెప్పింది తెలుసు. ప్రాణం పోయిన క్షణమే ఆత్మ ప్రభువు దగ్గరుంటుంది. మధ్యలో ఆగేది లేదు. నీ ప్రార్థనతో పనిలేదు.”

“నిద్ర పట్టట్లేదే. ఆ ఆత్మ ఎక్కడో చలిలో, చీకట్లో నిలబడిపోయిందేమోనని భయం. నేను నోరు మూసుకుంటే ఆ పాపం నాదే కదా.”

“భయపడకు. నేను చెప్తున్నాగా.”

లూర్దు కోటు తొడుక్కుంది. జిప్ మెడదాకా లాగింది. అంతవరకూ చూడలేకపోయిన ఆ మంచం వైపు ఇప్పుడు తిన్నగా చూసింది.

“నువ్వు నమ్మిందే నిజమైతే నేను పూజకి పోను. ఒక్కదానికి జవాబు చెప్పు.”

“అడుగు.”

“చనిపోయి నెలైనా, నువ్వింకా ఈ గదిలోనే ఎందుకున్నావు మధూ?”