దిష్టిబొమ్మకు ఏడ్చినవాడు

అమ్మీ పెట్టెలోంచి బంగారు గొలుసు కొట్టేయడం అకీల్‌కు కష్టం కాలేదు. కష్టమంతా దాన్ని దాచడం దగ్గరే వచ్చింది. గొలుసు చేతికి చిక్కిందో లేదో, వాకిట్లో అమ్మీ చెప్పుల చప్పుడు! కుట్టుమిషన్ పక్కన దిష్టిబొమ్మ పడుకుని ఉంది. చొక్కా గుండీ విప్పి, లోపలి వరిగడ్డిలోకి గొలుసు తోసేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

అకీల్ తల్లి జహీరా బేగం జనగామలో దర్జీ. సకలజనుల సమ్మె మొదలయ్యాక జాకెట్లు కుట్టించుకునేవాళ్లు తగ్గి, బొమ్మలు కుట్టించుకునేవాళ్లు పెరిగారు. తెలంగాణ మీద ఏ మంత్రి నోరు జారితే ఆ మంత్రి బొమ్మ. దాన్ని పాడె మీద ఊరేగించి చౌరస్తాలో తగలబెడతారు. ఈ బొమ్మ వంతు రేపు. ఈలోగా గొలుసు తీసుకుని హైదరాబాద్ చెక్కేయాలని అకీల్ ఎత్తు. బస్సులు బంద్ కనుక ఏ లారీయో ఎక్కాలి.

అతనికి సినిమా పిచ్చి. మొహం ఉంది, గొంతు ఉంది, ఏడుపే రాదు. ఎక్కడికెళ్లినా “మీ నాన్న పోయినట్టు ఏడువు” అంటారు. సొంత తండ్రి పోయిన రోజే కన్ను తడవనివాడు ఎక్కడినుంచి తెస్తాడు? గ్లిజరిన్ పెడితే కళ్లు మండాయి తప్ప ఏడుపు మొహంలోకి రాలేదు. చివరికొక సినిమా మేనేజర్, కాస్త బంగారం ముట్టజెబితే ఏడ్చే పనిలేని వేషం ఇప్పిస్తానన్నాడు. అదీ సంగతి.

అమ్మీ లోపలికి వచ్చిందో లేదో, వెనకే, ఊళ్లో ఉద్యమం నడిపే సాయిలు గుంపు డప్పులతో దిగింది.

“బేగమక్కా, బొమ్మనియ్యి! గా మంత్రి టీవీల ఇంకేందో వాగిండు. రేపటిదాంక ఆగేది లేదు, ఇయ్యాల్నే కాలవెడ్తం!”

అకీల్ బొమ్మకు అడ్డంగా జరిగాడు.

“జర ఆగుండ్రి. మెడ నిలుస్తలేదు, గడ్డి కుక్కి రెండు కుట్లేస్త” అంది జహీరా బేగం. “అకీల్, గీళ్లకు చాయ్ తీస్కరా పో.”

“నేను ఇంట్లనే ఉంట అమ్మీ.”

“ఇంటికొచ్చినోళ్లకు చాయ్ పొయ్యొద్దార? పో!”

చాయ్ తెచ్చేసరికి బొమ్మ పాడెక్కేసింది.

దారి పొడుగునా అకీల్ పాడెను వదల్లేదు. చౌరస్తాలో అగ్గిపుల్ల గీసేసరికి బొమ్మ మీద పడిపోయాడు. “కాలవెట్టకుండ్రి! నీ కాల్మొక్త సాయిలన్నా, నా బతుకు బుగ్గయితది!” అంటూ భోరుమన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. టీవీ కెమెరా దగ్గరికొచ్చింది.

“అబ్బా, ఏం జీవిస్తున్నడుర! ఇంకింత గట్టిగ ఏడ్వు తమ్మీ!” అని సాయిలు ఉత్సాహపరిచి, అతన్ని పక్కకు లాగి బొమ్మకు నిప్పంటించాడు.

మంట తగ్గాక సాయిలే కట్టెతో బూడిద కెలికి, ఏదో తీసి, తువ్వాలలో చుట్టుకుని పోయాడు. తర్వాత అకీల్ ఎంత వెతికినా గొలుసు లేదు. బంగారం కాలి బూడిదవుతుందా? దొంగ సాయిలే! కానీ అడిగేదెట్లా? అసలు అక్కడికి గొలుసు ఎట్లా వచ్చిందో చెప్పాలిగా. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

ఇంటికొస్తే అమ్మీ పెట్టె ముందు కూలబడి, “హాయ్ అల్లా, నా తల్లి గుర్తు పాయె!” అని గుండెలు బాదుకుంటోంది. ఆ పూట అకీల్‌కు ముద్ద దిగలేదు.

ఆనాటినుంచి సాయిలు ఎక్కడ బొమ్మను కాల్చినా అతని మీద కన్నేసి ఉంచడానికి అకీల్ హాజరు. తరిగొప్పుల, మరిపెడ, మానుకోట, ఏదీ వదల్లేదు. పిల్లాడికి ఉద్యమం మీద ఎంత ప్రేమో అని సాయిలు మురిసిపోయాడు. మరిపెడకు సాయిలు కొత్త బూట్లతో వచ్చాడు. ఆ రోజు అకీల్ ఏడుపుకు పాడె మోసేవాళ్లూ ఏడ్చారు. భూపాలపల్లికి మోటారు సైకిల్ మీద వచ్చాడు. అంతే! బొగ్గుబాయి కార్మికులు పాడె దించి, “ఊకో తమ్మీ, గది ఉత్త బొమ్మనేరా” అని ఓదార్చాల్సి వచ్చింది.

టీవీలో అది చూసి ఓ దర్శకుడు పిలిచాడు. మొదటి సినిమాలో తమ్ముడి శవం మీద ఏడ్చాడు, రెండోదాంట్లో ఎడ్లు పోయాయని ఏడ్చాడు. గ్లిజరిన్ అక్కర్లేదు. కళ్లు మూసుకుని బూడిద కెలుకుతున్న సాయిలును తలచుకుంటే చాలు. దానికి తోడు, షూటింగ్ ఉందని ఫోన్ చేసినప్పుడల్లా అమ్మీ ఆ గొలుసు మాటే ఎత్తి వెక్కివెక్కి ఏడ్చేది. అకీల్ పోస్టరెక్కాడు.

తెలంగాణ వచ్చిన రోజు, పటాకుల మోతలో సాయిలును పక్కకు లాగి అడిగేశాడు.

“గొలుసేంది?” సాయిలు తెల్లబోయాడు. “మక్క కంకి కాల్చుకున్న తమ్మీ. పొద్దటిసంది ఏం తినకపోతి.”

“మరి మోటారు సైకిల్?”

“మా బామ్మర్దిది. ఇయ్యిమని ఇంక అడుగుతనే ఉన్నడు.”

అకీల్ నేరుగా బంగారం కొట్టుకు, అక్కణ్నుంచి ఇంటికి వెళ్లాడు. కొనితెచ్చిన కొత్త గొలుసు అమ్మీ చేతిలో పెట్టి, కాళ్ల మీద పడి జరిగిందంతా చెప్పేశాడు. ఆమె నింపాదిగా లేచి, గుండీల డబ్బా తెరిచి, పాత గొలుసు తీసి దాని పక్కన పెట్టింది.

“ఆ రోజు మెడల గడ్డి కుక్కుతుంటె చేతికి తగిలింది.”

“మరి చెప్పొద్దా అమ్మీ!”

“చెప్పనీకే చౌరస్తకు ఉరికొచ్చిన. నువ్వు ఏడుస్తున్నవ్. మీ అబ్బా పోయిన్నాడు రాని ఏడుపు! కెమెరా సుత తీస్తున్నది. చెప్తే ఆగిపోతదని ఊకున్న.”

“మరి గిన్నేండ్ల సంది నువ్వు ఏడ్చిన ఏడుపు?”

జహీరా బేగం సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు.

“నేను సుత గ్లిజరిన్ పెట్టలే బేటా.”