తలకిందులు

"నీ కొంపా ముంచావు, నా కొంపా ముంచావు. తలకిందులైంది," అన్నాడు బావ, తెర మీది నల్లటి బొమ్మ వంక చూస్తూ.

ఆపరేటరు కూడా తెరకేసి చూశాడు. పొద్దున ఉపగ్రహం కడ్డీని బయటికి చాపే మీట నొక్కింది తనే. ఉద్యోగం వేయించింది ఈ బావే. రేపు పైవాళ్లొచ్చి బొమ్మలు చూస్తారు. చూసి ఇద్దరినీ ఇంటికి పంపిస్తారు.

ఆ ఉపగ్రహాన్ని నిలబెట్టడానికి ఇంజను లేదు, ఇంధనం లేదు. ఒంట్లోంచి పొడవాటి కడ్డీ, దాని కొసన ఓ బరువు. భూమి లాగుడుకే కుదురుగా నిలబడుతుంది. చిక్కల్లా ఒకటే. నిటారుగా ఎంత బుద్ధిగా నిలుస్తుందో, తలకిందులుగానూ అంతే బుద్ధిగా నిలుస్తుంది. నిటారుగా ఉంటే చీకటి పడ్డాక ఊళ్ల దీపాలు కనబడాలి.

"ఆకాశమైతే చుక్కలైనా ఉండాలి కదా బావా?"

"ఆ కెమెరాకు చుక్కలు ఆనవేమోలే. కడ్డీ లోపలికి లాగు. పల్టీ కొట్టాక మళ్లీ చాపుదువు గాని."

లాగాడు. పల్టీ కొట్టాక చాపాడు. ఇక అది భూమిని చుట్టి వచ్చేదాకా చేసేదేమీ లేదు. కిటికీ లేని ఆ గదిలో జనరేటరు రొద తప్ప మరో చప్పుడు లేదు.

ఫోను మోగింది. భార్య.

"ఏవండీ, కరెంటు పోయింది. వీధి వీధంతా చీకటి. పాప ఏడుస్తోంది."

"ఇక్కడ నా ఉద్యోగం పోయేలా ఉంటే నీకు కరెంటు గొడవా? కొవ్వొత్తి వెలిగించుకో."

"వెలిగించానండీ. వేలు కాలింది గానీ వెలుగు రావట్లేదు."

"ఏం వాగుతున్నావ్?"

ఫోను తెగిపోయింది. మళ్లీ చేస్తే మోగనైనా లేదు.

"మా చెల్లికి చీకటంటే చిన్నప్పట్నుంచీ భయంలే," నవ్వాడు బావ. "అదిగో, బొమ్మ వస్తోంది."

తెర నిండా మిలమిలా వెలుగులు.

"దీపాలు రా! బతికిపోయాం," అంటూ బావ అతని వీపు చరిచాడు.

ఆపరేటరు తెర దగ్గరికి వంగాడు. తెర మధ్యలో మూడు వెలుగులు గీత గీసినట్టు వరసగా ఉన్నాయి. గొల్లకావడి. చిన్నప్పుడు డాబా మీద పడుకుని రోజూ చూసినవే.

"ఇవి చుక్కలు బావా," అన్నాడు మెల్లగా. "తలకిందులైంది ఇప్పుడు. ఇందాకటి నల్లటి బొమ్మ మన భూమిది."