కొత్తిమీర మనిషి

ఆదివారం సాయంత్రం లీలమ్మ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి దూది చచ్చిపోయి ఉంది.

గేటు పక్కన గూటి జాలీ తలుపు వేసింది వేసినట్టే ఉంది. ఒంటి మీద చిన్న గాటు కూడా లేదు. పొద్దున పెట్టిన గడ్డి సగం అలాగే ఉంది.

గేటు చప్పుడైతే చాలు, వెనక కాళ్ల మీద లేచి నిలబడే కుందేలు. రెండేళ్లుగా ఆ ఇంట్లో లీలమ్మ కోసం ఎదురుచూసే ప్రాణం అదొక్కటే.

ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడుపొచ్చింది. ఏడుపు వెంటే కోపమొచ్చింది.

“ఆ కొత్తిమీరాయన పనే ఇది,” అంది పక్కింటి చంద్రమ్మతో.

రోజూ నాలుగింటికి ఎవరో ముసలాయన వచ్చి, గేటు ఊచల్లోంచి కొత్తిమీర కాడలు లోపలికి వేసి పోతున్నాడని చంద్రమ్మ ఎన్నోసార్లు చెప్పింది. మొన్న శుక్రవారం సెలవు కావడంతో లీలమ్మ అతన్ని స్వయంగా పట్టుకుంది.

“ఎవరు నువ్వు? ఏందిది?”

“దూదికి తెచ్చిన అక్కా.”

“పేరు గూడ ఎరుకనా! మంచిగ బలువజేసి, ఎత్తుకపోయి కూరొండుకుందామనా?”

“అయ్యో, గట్ల గాదక్కా. ఒక్క మాట చెప్పి పోత. ఈ ఆదివారం...”

“నీ మాట నాకొద్దు. మల్ల ఈ గేటు కాడ కనవడితే పోలీసోళ్లకు అప్పజెప్త. కనవడనని మాటియ్యి!”

ముసలాయన చేతిలోని కట్టను గేటు దిమ్మె మీద పెట్టాడు.

“కనవడనక్కా,” అని వెళ్లిపోయాడు.

లీలమ్మ సిటీ బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్లుగా ముఖం చూసే టికెట్టు లేనివాణ్ణి పట్టేస్తుంది. ఆ ముఖాన్ని కూడా చదివేశాననుకుంది.

“మాట పడ్డ కసికి మందు పెట్టిండు చంద్రమ్మా. వాణ్ణి ఇడిచిపెట్ట.”

లీలమ్మది ఉడుం పట్టు. గల్లీ అందరికీ తెలుసు.

సోమవారం లీవు పెట్టింది. దూదిని తువ్వాలలో చుట్టి, ఆయన పెట్టిపోయిన కట్టలో మిగిలిన కొత్తిమీర కాడలు సంచిలో వేసుకుని పశువుల దవాఖానకు పోయింది.

డాక్టర్ ఫణి కోస్తా మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. పరీక్ష చేసి బయటికొచ్చాడు.

“విషం ఆనవాలేం లేదమ్మా. కొత్తిమీర కూడా శుభ్రంగానే ఉంది. పాపం, బెదిరి చచ్చిపోయినట్టుంది.”

“బెదిరితే సస్తదా సార్?”

“కుందేలు గుండె అంతేనమ్మా. ఒక్కసారిగా పెద్ద చప్పుడైతే ఆగిపోవచ్చు. నిన్న మీ ఇంటి ముందు బ్యాండు, టపాసులు ఏమైనా...?”

“మా గేటు కాడ బ్యాండు కొట్టరు సార్. మా గల్లీల మసీదున్నది. ఎన్ని పెండ్లి బరాతులు పోయినా మా గేటు కాడికి రాంగనే ఆపుతరు.”

“నిన్న ఆపారా?”

నిన్న లీలమ్మ డ్యూటీలో ఉంది.

ఇంటికొచ్చి చంద్రమ్మను అడిగింది.

“ఆపలేదే లీలమ్మా! ముంగటికి పొయ్యి మసీదు కాడ ఆపిన్రు. నీ గేటు కాడైతే మస్తు కొట్టిన్రు. పటాకులు గూడ కాల్చిన్రు. మా కిటికీలు అదిరినయ్.”

“గట్లనా! గా బ్యాండోళ్ల సంగతి ఇయ్యాలనే చూస్త.”

కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. నిన్నటి బరాతు పెళ్లివాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన గుర్తులు పట్టుకుని ధూల్‌పేట్‌లో బ్యాండు దుకాణం ముందు ఆటో దిగింది.

బ్యాండు మాస్టరు బుచ్చయ్య కుర్చీ చూపించేలోపే అందుకుంది.

“నిన్న జహనుమాల మా గల్లీల బ్యాండు ఎందుకు ఆపలే?”

“మసీదు కాడ ఆపినం గదక్కా!”

“మా నీలం గేటు కాడ ఆపిన్రా?”

“నీలం గేటా? మసీదు దానికి ఆరిండ్ల అవతల గదా. ఆడ ఎందుకు ఆపాలె?”

“రెండేండ్ల సంది ఆపుతనే ఉన్నరు గదా!”

బుచ్చయ్య నవ్వాడు.

“గది మసీదు కోసం గాదక్కా. మా పెద్ద డ్రమ్ము మొగులయ్యతోని వచ్చిన లొల్లి. ఒకపారి కొట్టుకుంట పోతుంటే, ఆ ఇంట్ల కుందేలు గజగజ వణుకుడు చూసిండంట. గప్పటి సంది నీలం గేటు రాంగనే కట్టె పైకెత్తుతడు. పెద్ద డ్రమ్ము ఆగితే మేమందరం ఆగాలె. పెండ్లోళ్లు ఎంత తిట్టినా ఇనడు.”

చెబుతూ గోడ వైపు చెయ్యి చూపించాడు. ఎర్ర కోట్ల బ్యాండు ఫొటో అది. మధ్యలో పెద్ద డ్రమ్ము మోస్తున్నాయన ముఖాన్ని లీలమ్మ చూసింది.

తను చదివేశాననుకున్న ముఖమే.

ఫొటో దగ్గరికి నడిచింది.

“ఆయనిల్లు యాడ? చూపెట్టు. నేను మాట్లాడాలె.”

“చూపెడ్త గని అక్కా, ఏమైంది?”

“ముందు గిది చెప్పు. నిన్న ఆయన బ్యాండుల లేడా?”

“వచ్చిండక్కా. గల్లీ మొదట్లనే డ్రమ్ము దింపి ఇంకొకనికిచ్చిండు. నీలం గేటు కాడ ఆపమని చెప్పిండు గని, కొత్తోడు పెండ్లోళ్లను కాదని ఆపుతడా?”

“మా గేటు దాంక ఎందుకు రాలే?”

“నేను గూడ అదే అడిగిన. ‘ఆదివారం పటాకులున్నయి, కుందేలును లోపల పెట్టుకొమ్మని చెప్పనీకి పోతే ఇనలేదు మాస్టరూ, ఆ గేటు కాడ మల్ల కనవడనని ఆ అక్కకు మాటిచ్చిన’ అన్నడు.”